రంగం రేవులో ఎవరి కూడు ఎవరు లాక్కున్నారు?

ఈ ఏడు సార్వా ఊడ్పులు మొదలైన నాలుగో రోజు రాత్రి, గోదావరి డెల్టాలో మేము పనిచేసే ఒక ఊళ్ళో, పేటలో రావిచెట్టు కింద కూలీలంతా పోగయ్యారు. మీటింగు మేము పెట్టింది కాదు. వాళ్ళే పెట్టుకుని మాకు కబురు చేశారు. సంగతి ఏమిటంటే, పై రాష్ట్రం నుంచి ఒక మేస్త్రీ ముప్ఫై మంది మగ కూలీలను తెచ్చి ఊరి చివర పాకలో దింపాడు. వాళ్ళు ఎకరం ఇంతకని గుత్త మాట్లాడుకుని ఊడ్పులు ఊడుస్తున్నారు. ఊళ్ళో ఆడకూలీలకు ఆ నాలుగు రోజులూ పని లేదు. ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కళ్ళజూసేది ఊడ్పులప్పుడూ, కోతలప్పుడూ. కోతలు మిషను తినేసింది. ఇప్పుడు ఊడ్పులు కూడా పోతే ఏం తినాలి?

కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపం ఎటు తిరిగిందో చూడండి. ఒక కుర్రాడు లేచి, "రాత్రికి పోయి ఆళ్ళ పాక అంటిస్తే తెల్లారేసరికి రైలెక్కేస్తారండి" అన్నాడు. నలుగురైదుగురు అవునన్నారు. ఇంకొకడు కిరసనాయిలు సంగతి కూడా ఎత్తాడు.

అప్పుడు వెనక మంచం మీద కూర్చున్న ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మా తాత రంగంలో అట్టాగే పోయాడంటండి. ఆళ్ళ కూడు ఈళ్ళు తినేత్తన్నారని కత్తులెట్టి నరికేశారంట. మా నాయనకి అప్పుడు నాలుగేళ్ళు" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేం అనలేదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఆ కుర్రాడే అడిగాడు: "రంగం అంటే ఎక్కడండీ?"

ఆ ప్రశ్నకు ఆ రాత్రి మాకు తెలిసినంత మేము చెప్పాం. తరవాత పుస్తకాలు వెదికి ఇంకొంత తెలుసుకున్నాం. ఈ చరిత్ర బడిలో ఎవరూ చెప్పలేదు. రాజుల చరిత్ర చెప్పారు, వైస్రాయిల చరిత్ర చెప్పారు. మన తాతల చరిత్ర మాత్రం మనమే చెప్పుకోవాలి. అందుకే ఈ వారం ఈ శీర్షికలో రంగం కథ రాస్తున్నాం.

వరి కోసం మింగిన దేశం

రంగం అంటే రంగూన్. బర్మా దేశపు పెద్ద రేవు. కోస్తా జిల్లాల్లో మన పెద్దవాళ్ళు దాన్ని రంగం అనేవారు.

బర్మాను ఇంగ్లీషువాళ్ళు మూడు విడతలుగా మింగారు. 1824–26 యుద్ధంలో అరకాన్, తెనాసెరిం తీరాలు తీసుకున్నారు. 1852లో రంగూన్‌తో సహా దిగువ బర్మా మొత్తం పట్టుకున్నారు. 1885లో మండలే మీదికి ఓడల్లో దండు పంపి తీబా రాజును గద్దె దించి మన దేశంలోని రత్నగిరికి తెచ్చి పెట్టారు. ఆయన 1916లో అక్కడే పోయాడు. అంతకు ముందే మన ఢిల్లీ పాదుషా బహదూర్ షాను రంగూన్‌కు తోలారు. ఆయన 1862లో అక్కడ పోయాడు. ఇక్కడి రాజు అక్కడ, అక్కడి రాజు ఇక్కడ. రాజుల్నే అట్లా మార్చి పెట్టిన వాళ్ళకు కూలీలను మార్చడం ఒక లెక్కా?

1886 నుంచి బర్మాను బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కింద జమకట్టారు. ఇంగ్లీషువాళ్ళకు అక్కడ కావలసింది టేకు, చమురు, అన్నిటికన్నా ముఖ్యంగా వరి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బియ్యానికి బేరం బాగా పెరిగింది. ఐరావతి నది డెల్టా అప్పటికి చాలావరకు అడవి, బురదనేల. దాన్ని కొట్టి, గట్లు వేసి, మాగాణి చేసింది ఎవరు? బర్మా రైతులు. ఎగువ బర్మా నుంచి పెళ్ళాం పిల్లలతో దిగి వచ్చి, చలిజ్వరాలతో చస్తూ బతుకుతూ చేశారు. 1850ల్లో దిగువ బర్మాలో వరి సాగు పది లక్షల ఎకరాల లోపే. 1930ల నాటికి అది ఎనభై లక్షల ఎకరాలు దాటింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సంవత్సరాల్లో ఏటా దాదాపు ముప్ఫై లక్షల టన్నుల బియ్యం ఆ దేశం నుంచి ఓడలెక్కింది. ప్రపంచంలో అంత బియ్యం అమ్మిన దేశం అప్పటికి ఇంకోటి లేదు.

ఆ బియ్యం పండించడానికి బర్మా రైతు ఉన్నాడు. మర ఆడించడానికి, బస్తాలు మోయడానికి, ఓడల్లో నింపడానికి చవకైన చేతులు కావాలి. ఆ చేతుల కోసం సముద్రానికి ఇవతలి ఒడ్డు వైపు చూశారు.

మేస్త్రీ, బయానా, డెక్కు

ఇవతలి ఒడ్డున మనవాళ్ళ పరిస్థితి ఏమిటి? 1866లో గంజాం కరువు. 1876–78లో మద్రాసు రాజధాని అంతటా లక్షల మందిని తిన్న కరువు. భూమి లేదు. ఉన్న చోట పాలేరుతనం, తాత చేసిన బాకీకి మనవడు చాకిరీ. అట్లాంటి ఇంటికి మేస్త్రీ వచ్చి, "రంగంలో కూలి ఇక్కడి కంటే ఎక్కువరా, టిక్కెట్టు నేనే కొంటాను" అంటే ఎవడు ఆగుతాడు?

కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో డెక్కు మీద కూర్చోబెట్టి తోలుకుపోయారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాణ్ణి కోరంగీ అన్నారు. ఊరు పేరు కాస్తా జాతి పేరై, తరవాత తిట్టు కూడా అయింది.

మేస్త్రీ ఇచ్చిన బయానా అప్పు. టిక్కెట్టు అప్పు. అక్కడ తిన్న తిండి అప్పు. కంపెనీ కూలి డబ్బు మేస్త్రీ చేతిలో పోస్తుంది. మేస్త్రీ తన వాటా తీసుకుని, అప్పు కింద పట్టుకుని, మిగిలింది విదిలిస్తాడు. కొన్నిచోట్ల మేస్త్రీ పైన ఇంకో మేస్త్రీ, ఆ పైన కంట్రాక్టరు. కంపెనీ దొరకు కూలీ ముఖం తెలియదు, కూలీకి దొర ముఖం తెలియదు. దెబ్బ మాత్రం తెలుసు. మేస్త్రీ కూడా మనవాడే, మన భాషే, ఒక్కోసారి మన ఊరివాడే. ఈ మాట దాచడం వల్ల లాభం లేదు. రంగం డబ్బుతో మేడలు కట్టిన మేస్త్రీలు ఉన్నారు. రంగం పోయి ఎముకలైన కూలీలూ ఉన్నారు.

రంగూన్‌లో ధాన్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో, రేవులో బస్తాల మోతలో, రిక్షా లాగడంలో, పట్నం పాకీ పనిలో తెలుగువాళ్ళు. ఒక గదిలో పట్టనంత మంది. పగటి పనివాడు లేస్తే రాత్రి పనివాడు ఆ చోటే పడుకునేవాడు. ఎక్కువ మంది ఒంటరి మగవాళ్ళు. 1927లో ఒక్క ఏడాదిలోనే భారతదేశం నుంచి నాలుగు లక్షల మందికి పైగా బర్మాలో దిగారు. దాదాపు అంతమందీ రెండు మూడేళ్ళకు తిరిగి వచ్చేవాళ్ళే. 1931 జనాభా లెక్కలో బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. అందులో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా. నాలుగు లక్షల జనాభా గల రంగూన్ పట్నంలో సగానికి పైగా భారతీయులే.

ఇప్పుడు ఒక బర్మా కూలీ కళ్ళతో చూడండి. తన దేశం, తన రాజధాని. వీధిలో వినబడేది తన భాష కాదు. రేవులో పని తనకు లేదు. పోలీసు పరాయివాడు, వడ్డీవ్యాపారి పరాయివాడు, బస్తా మోసేవాడు కూడా పరాయివాడే. పైన కూర్చున్న అసలు పరాయివాడు మాత్రం క్లబ్బులో ఉన్నాడు. వాడు వీధిలోకి రాడు, కంటికి ఆనడు.

బర్మా రైతు భూమి ఎటు పోయింది?

బర్మా రైతు సాగుకు అప్పు కావాలి. తెల్ల బ్యాంకులు రైతుకు అప్పివ్వవు. అవి చెట్టియార్లకు ఇస్తాయి. తమిళదేశంలోని చెట్టినాడు నుంచి వచ్చిన ఈ వ్యాపారులు డెల్టాలో ఊరూరా దుకాణం తెరిచి రైతులకు భూమి తనఖా మీద అప్పులిచ్చారు. ధాన్యం కొనేది ఎవరు? 1921లో నాలుగు పెద్ద యూరోపియన్ మిల్లు కంపెనీలు బుల్లింజర్ పూల్ అనే జట్టు కట్టి, ధాన్యం ధర తాము చెప్పిందే ధర అన్నట్టు నడిపించాయి.

1929లో ప్రపంచ మాంద్యం వచ్చింది. ఒకటి రెండేళ్ళలో ధాన్యం ధర సగానికి పైగా పడిపోయింది. అప్పు పడలేదు. పన్ను పడలేదు. తనఖా భూములు వరసగా చెట్టియార్ల పరమయ్యాయి. దిగువ బర్మాలోని ముఖ్యమైన 13 వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల చేతిలో ఉన్న సాగుభూమి నూటికి ఆరు వంతులు. 1937–38 నాటికి అది నూటికి పాతిక వంతులు అయింది. చెట్టియారు కూడా సరదాకు భూమి పట్టుకోలేదు, అతనికి కావలసింది రొక్కం. అయినా అడవి కొట్టి మాగాణి చేసిన రైతు మనవడు తన పొలంలో తానే కౌలుదారు అయ్యాడు, ఆ తరవాత కూలి అయ్యాడు. భూమి పోయిన రైతు ఎటు పోతాడు? పట్నం పోతాడు. రంగూన్ రేవుకు పోతాడు.

రేవులో ఎవరున్నారు? మనవాళ్ళు ఉన్నారు.

ఇద్దరు ఆకలిగొన్నవాళ్ళను ఒకే వాకిట్లోకి చేర్చిన చెయ్యి ఏదో గమనించారా? తెలుగు కూలీని ఇక్కడి భూమి నుంచి గెంటిన దోపిడీ, బర్మా రైతును అక్కడి భూమి నుంచి గెంటిన దోపిడీ ఒకే దొరతనానివి.

1930 మే

1930 మే మొదట్లో మన దేశంలో గాంధీగారిని అరెస్టు చేశారు. ఆ రోజుల్లోనే రంగూన్ రేవులో తెలుగు కళాసీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. ఓడలు నిలిచిపోయాయి. కంపెనీలవాళ్ళు ఏం చేశారు? భూమిపోయి పట్నంలో తిరుగుతున్న బర్మా కూలీలను తెచ్చి రేవులో పనికి పెట్టారు. సమ్మె విరగ్గొట్టడానికి పనికొచ్చినన్నాళ్ళు వాళ్ళు మంచివాళ్ళు. కొన్నాళ్ళకు తెలుగు కూలీలతో కూలి సంగతి రాజీ కుదిరింది. మే 26న మనవాళ్ళు పనిలోకి వచ్చారు. ఆ పొద్దున్నే ఎప్పటిలా అన్నం మూటలు తెచ్చుకుని బర్మా కూలీలు కూడా వచ్చారు. మీకు పని లేదు, పొమ్మన్నారు. ముందురోజు ఒక్కమాట చెప్పినవాడు లేడు.

మనవాళ్ళలో కొందరు వాళ్ళను వెక్కిరించారని కూడా చెబుతారు. మాటా మాటా పెరిగింది. రేవులో మొదలైన కొట్లాట వీధుల్లోకి పాకింది. కొన్ని రోజులపాటు రంగూన్‌లో తెలుగు కూలీలను వేటాడారు. వందమందికి పైగా చనిపోయారు, దాదాపు వెయ్యిమంది గాయపడ్డారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. మన ముసలాయన తాత అందులో ఒకడు కావచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ రోజుల్లో చచ్చినవాడు కూలీ. చంపినవాడు కూలీ. సమ్మె చేసినవాడు ఆకలివాడే. సమ్మె విరగ్గొట్టిన వాడూ ఆకలివాడే. ఓడ కంపెనీ వాటాదారు ఒక్కడికి గాయమైందా? లేదు. మరి ఎవరి కూడు ఎవరు లాక్కున్నారు?

అదే ఏడు డిసెంబరులో థరావాడి జిల్లాలో సాయా సాన్ నాయకత్వంలో బర్మా రైతులు తిరగబడ్డారు. తలపన్ను కట్టలేం, అడవిలో వెదురు కోసుకోవడానికి కూడా సర్కారుకు మొక్కాలా అన్నారు. సాయా సాన్ ఒకప్పుడు సన్యాసి, తరవాత నాటువైద్యుడు. పల్లెల్లో పన్నుల బాధల మీద విచారణ చేసి తిరిగినవాడు. రైతుల చేతుల్లో కత్తులు, నాటు తుపాకులు. ఒంటి మీద రక్షరేకులు, పచ్చబొట్లు. ఎదర మరతుపాకులు. 1931 నవంబరులో ఆయన్ను ఉరితీశారు. వందమందికి పైగా రైతులను ఉరికంబం ఎక్కించారు. ఆ తిరుగుబాటును అణచడానికి భారతదేశం నుంచి దళాలను రప్పించారు. రైతులు కూడా కొన్నిచోట్ల దొరను వదిలి పక్క ఊళ్ళోని భారతీయుల మీద పడ్డారు. అటూ ఇటూ కష్టజీవులే. మధ్యలో దొర చెయ్యి కడుక్కున్నాడు.

అయితే ఇంకో దారి లేదా అంటే, ఉంది. కొందరు ఆ దారిలో నడిచారు కూడా. 1938లో చమురు బావుల కార్మికులు సమ్మె కట్టి రంగూన్ దాకా కాలినడకన బయలుదేరారు. విద్యార్థులు, రైతులు వాళ్ళతో కలిశారు. ఆ ఏడు డిసెంబరులో పోలీసుల లాఠీదెబ్బలకు ఆంగ్ జా అనే విద్యార్థి బలయ్యాడు. 1939 ఆగస్టులో రంగూన్‌లో మొదటి కమ్యూనిస్టు బృందం ఏర్పడినప్పుడు అందులో బర్మా యువకుడు ఆంగ్ సాన్ ఉన్నాడు, బెంగాలీ అయిన ఘోషాల్ ఉన్నాడు. బర్మావాడూ భారతీయుడూ ఒక చాప మీద కూర్చున్నారు. కాని అదే 1938 జులైలో రంగూన్‌లో భారతీయుల మీద, ముఖ్యంగా ముస్లిముల మీద మళ్ళీ నెత్తుటి అల్లర్లు జరిగాయి. కలిపే చేతులు తక్కువ, విడదీసే చేతులు ఎక్కువ అయ్యాయి.

నల్లదారి, తెల్లదారి

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు, గోదాములు, కూలీల బారకాసులు తగలబడ్డాయి. రెండు వేల మంది దాకా చనిపోయారు. కూలీలు పట్నం వదిలారు. పని ఆగితే యుద్ధం ఎట్లా అని సర్కారు కొన్నాళ్ళు మగ కూలీలను డెక్కు టిక్కెట్టు మీద ఓడ ఎక్కనివ్వలేదు. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతిలో పడింది. ఇక మిగిలింది నడక.

అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు కొందరు, తమూ మీదుగా మణిపూర్ వైపు కొందరు, ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా అస్సాం వైపు కొందరు. దాదాపు ఐదు లక్షలమంది నడిచారు. కలరా, మలేరియా, జలగలు, వాన, ఆకలి. దారిలో ఎంతమంది రాలిపోయారో కచ్చితమైన లెక్క లేదు. పదివేలని కొందరు, యాభైవేలు దాటిందని కొందరు. కూలీ చావుకు లెక్క రాసేవాడెవడు? ఆ నడకలో కూడా రంగు చూశారు. యూరోపియన్లకు మంచి దారి, నీళ్ళు, మజిలీలు ఉన్న దారి. నల్లవాళ్ళకు వేరే దారి. తెల్లదారి, నల్లదారి అని అప్పట్లోనే పెద్ద గొడవ అయింది. తెల్లవాడి రాజ్యాన్ని వీపు మీద మోసినవాడికి, ఆ రాజ్యం పారిపోయేటప్పుడు పక్కన నడిచే హక్కు కూడా లేకపోయింది.

బర్మా బియ్యం ఆగిపోయింది. 1943 బెంగాల్ కరువుకు ఉన్న కారణాల్లో అదొకటి. ధాన్యం దాచినవాళ్ళు, ధరలు పెంచినవాళ్ళు, యుద్ధం పేరు చెప్పి పడవలు లాక్కున్న సర్కారు మిగిలిన కారణాలు. ముప్ఫై లక్షల మంది దాకా చచ్చారు.

జెండా మారింది. తరవాత?

1947 జులై 19న ఆంగ్ సాన్‌ను, ఆయన మంత్రివర్గ సహచరులను మీటింగులోనే కాల్చి చంపారు. 1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఏడే భూమి జాతీయం చేసే చట్టం తెచ్చారు. చెట్టియార్ల చేతిలో పడ్డ భూమి తిరిగి తీసుకోవడం బర్మా రైతుల న్యాయమైన హక్కు. దాన్ని మేము తప్పనం. దున్నేవాడికి భూమి అని ఇక్కడ నినదించే మేము అక్కడ వద్దని ఎట్లా అంటాం?

కాని ఆ తరవాత జరిగింది చూడండి. 1962 మార్చి 2న జనరల్ నె విన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాడు. 1963లో బ్యాంకులు, 1964లో దుకాణాలు జాతీయం అన్నాడు. పెద్దపెద్ద కంపెనీలతో పాటు వీధి మొగలో చిల్లరకొట్టు కూడా జాతీయమే. 1964 మే నెలలో యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నాడు. గదిలో ట్రంకు పెట్టెలో నాలుగు నోట్లు దాచుకున్నవాడు రాత్రికి రాత్రి బికారి అయ్యాడు. పెద్ద సేట్లు, పెద్ద వ్యాపారులు చాలామంది అప్పటికే డబ్బు దాటించి తామూ దాటిపోయారు. చిక్కుకున్నది చిన్నవాళ్ళు. 1963 తరవాత రెండు లక్షల మందికి పైగా భారతదేశానికి ఓడల్లో, విమానాల్లో వచ్చిపడ్డారు. కస్టమ్స్ దగ్గర ఒంటిమీది బంగారం ఊడదీయించారు. తాళిబొట్లు కూడా వదలలేదని వచ్చినవాళ్ళు చెప్పుకునేవారు. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేట ఈనాటికీ ఉంది. అక్కడి పెద్దవాళ్ళను కదిలిస్తే ఈ కథ మిగిలిన సగం చెబుతారు.

ఇది ఒక్క బర్మా కథ కాదు. ఫిజీకి చెరకుతోటల కోసం 1879 నుంచి 1916 దాకా అరవై వేల మందిని ఒప్పంద కూలీలుగా తోలారు. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1970లో ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చింది. 1987లో సైన్యం అధికారం పట్టుకున్నప్పుడు చెప్పిన సాకు భారతీయుల పెత్తనం. ఉగాండాలో 1972లో ఇదీ అమీన్ ఆసియావాళ్ళను తొంభై రోజుల్లో పొమ్మన్నాడు. సామ్రాజ్యం పోతూ పోతూ ఇళ్ళ మధ్య ముళ్ళకంప పాతిపోయింది. దాన్ని పీకవలసిన కొత్త పాలకులు దానికి నీళ్ళు పోశారు. ఎందుకంటే అది వాళ్ళకూ పనికొచ్చింది.

బర్మాలో ఆ కంప ఎంత పెరిగిందో చూడండి. 1982 పౌరసత్వ చట్టం ప్రకారం, ఇంగ్లీషువాడు రాకముందు, అంటే 1823కు ముందు నుంచీ అక్కడ ఉన్నట్టు లెక్కలోకి వచ్చిన జాతులవారే అసలు పౌరులు. దొర వచ్చిన తేదీనే మనిషికీ మనిషికీ మధ్య గీతగా గీశారు. 2017లో సైన్యం ఊళ్ళు తగలబెడితే ఏడు లక్షలమంది రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మరి పరాయివాళ్ళను తరిమినందుకు బర్మా రైతుకు, బర్మా కూలీకి సుఖం వచ్చిందా? 2021 ఫిబ్రవరి 1న అదే సైన్యం మళ్ళీ గద్దెనెక్కి, తుపాకీ బర్మావాళ్ళ మీదికే తిప్పింది. పక్కవాణ్ణి కాల్చడానికి మనం ఒప్పుకున్న తుపాకీ ఎప్పుడో ఒకనాడు మన వైపు తిరగక మానదు.

మన పాకల దగ్గరికి వస్తే

ఆ రాత్రి కథ విన్నాక కిరసనాయిలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కాని కథ వింటే కడుపు నిండదు కదా. ఒక అక్క సూటిగానే అడిగింది: "రంగంలో మనోళ్ళు చచ్చారంటే ఏడుపొత్తంది గానీ, రేపు నాకు పనెవరిత్తారు చెప్పు తమ్ముడూ?"

ఆ ప్రశ్న న్యాయమైనది. దాన్ని దాటవేసి ఐక్యత ఐక్యత అంటే అది ఉపన్యాసమే అవుతుంది. అందుకని తెల్లారి సంఘం తరఫున పదిమందిమి, అందులో ఆరుగురు ఆడవాళ్ళు, ఆ పాక దగ్గరికి పోయాం. మొదట వాళ్ళు భయపడ్డారు. ఒకడు రైలు సంచి సర్దుకోబోయాడు. వాళ్ళలో ఒకడికి నాలుగు తెలుగు ముక్కలు వచ్చు. వాడితో మాట్లాడితే తేలిందేమిటంటే, ఆసామి ఎకరానికి ఇచ్చే డబ్బులో మూడో వంతు మేస్త్రీ సంచిలోకి పోతోంది. ఇంటి దగ్గర ఇచ్చిన బయానా, రైలు టిక్కెట్టు, బియ్యం, అన్నీ పట్టుకోగా మనిషికి రోజుకు పడేది మన ఆడకూలీ కూలికన్నా తక్కువ. వేళ్ళ సందుల్లో ఒరిసిపోయి పుండ్లు. మా అక్క ఒకామె ఆ చేతులు చూసి, "మా చేతుల్లాగే ఉన్నాయి" అంది.

నూరేళ్ళ కిందటి రంగం మా ఊరి చివర పాకలో ఉంది. ఈసారి బర్మావాళ్ళ చోట మనం ఉన్నాం, కోరంగీల చోట వాళ్ళున్నారు. మేస్త్రీ మాత్రం మారలేదు.

ఆ రోజు నుంచి సంఘం పెట్టిన కోరికలు మూడు. గుత్త రేటు ఊరివాళ్ళకైనా పైవాళ్ళకైనా ఒక్కటే ఉండాలి. డబ్బు మేస్త్రీ చేతిలో కాదు, చేసినవాడి చేతిలో పడాలి. ఊళ్ళో కూలీలకు పని చూపించాకే బయటి ముఠాను దించాలి. వలస కూలీలకు రక్షణ కావాలని 1979లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆ తరవాత దాన్ని కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు. అది పాతదైనా కొత్తదైనా ఆ పాక దాకా వచ్చిన అధికారిని మేము చూడలేదు.

అన్నీ గెలిచామని చెప్పం. గెలవలేదు. నలుగురు ఆసాములు ఒప్పుకున్నారు, తక్కినవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ ఊళ్ళో కొన్ని ఎకరాలు మన ఆడవాళ్ళు ఊడ్చారు, కొన్ని వాళ్ళు ఊడ్చారు. ఒక చెరువుగట్టు పొలంలో రెండు ముఠాలూ పక్కపక్కనే ఊడ్చాయి. మేస్త్రీ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. కాని పాక తగలబడలేదు. వచ్చే సార్వాకు ఆ ముప్ఫైమందిలో కొందరైనా ముందుగా మేస్త్రీకి కాక మన సంఘానికి ఫోను చేస్తే, అది మొదటి గెలుపు.

కూలీలను కొట్లాటకు పెట్టి తాను తినడం దొర నేర్పిన విద్య. దొర పోయినా విద్య పోలేదు. ఇక్కడి పెత్తందారు దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఆ విద్య పని చెయ్యకుండా చూసిన రోజునే మన ఊళ్ళకు స్వాతంత్ర్యం పూర్తిగా వచ్చినట్టు.

పాక నుంచి మేము వచ్చేసేటప్పుడు ఆ ముసలాయన కర్ర ఊతతో గట్టుదాకా వచ్చాడు. ఆ పైరాష్ట్రం కుర్రాళ్ళ వంక కాసేపు చూసి, "ఈళ్ళకి మంచినీళ్ళున్నాయో లేదో అడిగారా?" అన్నాడు. మేము అడగలేదు. ఆ మాట తోచలేదు మాకు. సాయంత్రానికి పేటవాళ్ళు రెండు బిందెలు పంపారు.